కారులో మిగిలిన గాజు

కారు అద్దం పగలగొట్టడానికి దొంగకు రెండు క్షణాలు చాలు. కొత్త అద్దం బిగించడానికి కంపెనీ మనిషికి గంట చాలు. ఆ పగిలిన అద్దాన్ని కారులోంచి పూర్తిగా బయటికి పంపడానికి మాత్రం మాకు ఏడు వారాలు పట్టింది. ఈ మూడో సంగతి మీకు ఎవరూ చెప్పరు. అందుకే రాస్తున్నాను.

డర్బన్ చుట్టుపక్కల కారు నడిపేవాళ్లకు మొదటి సంగతి చెప్పనక్కరలేదు. రోబోట్ దగ్గర ఎర్ర దీపం వెలుగుతుంది, కారు ఆగుతుంది, పక్క అద్దం భళ్లున పగులుతుంది, లోపలి సంచి మాయమవుతుంది. ఇండియా నుంచి వచ్చిన చుట్టాలు "రోబోట్ ఏమిటి?" అని నవ్వుతారు. ట్రాఫిక్ దీపాలకు మన ఊళ్లో అదే పేరు, ఏం చేస్తాం! మాకు ఇది జరిగింది ఒక శనివారం మధ్యాహ్నం. తెలుగు తరగతి అయ్యాక నేను, మా అబ్బాయి వెరులం తిరిగి వస్తున్నాం. వాడు వెనక కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ముందు ఎడమ సీటు మా అమ్మది. ఆ రోజు జలుబు చేసి అమ్మ రాలేదు, సీటు ఖాళీగా ఉంది. సంచి కింద, కాళ్లు పెట్టుకునే చోట ఉంది. అందులో దొంగకు దక్కినవి ఇవి: నా తెలుగు కాపీ పుస్తకం, సగం తిన్న పులిహోర డబ్బా. గుణింతాలు నేర్చుకున్నాడో లేదో తెలియదు గాని, పులిహోర మాత్రం బాగుంది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. పోలీసు స్టేషనుకు వెళ్లి కేసు నంబరు తీసుకున్నాం, ఎందుకంటే ఇన్సూరెన్సు వాళ్లు మొదట అడిగేది అదే. సోమవారం అద్దాల కంపెనీ మనిషి ఇంటికే వచ్చాడు. కొత్త అద్దం బిగించాడు. తను తెచ్చిన వాక్యూమ్‌తో సీటూ కిందా ఒకసారి పీల్చాడు. "అంతా శుభ్రం, మేడమ్" అని కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. మంచి పనివాడే. కంటికి కనిపించిందంతా తీశాడు.

కంటికి కనిపించనిది మనకు మిగిలింది.

ఇక్కడ కొన్ని మాటలు చెప్పుకుందాం. తెలుగులో అద్దం అంటే ముఖం చూసుకునేదీ అద్దమే, కిటికీకి ఉండేదీ అద్దమే. గాజు అంటే ఆ పదార్థం. గాజులు అంటే చేతికి వేసుకునేవి. గాజు పగిలితే పెద్ద ముక్కలను పెంకులు అంటాం. అంతకన్నా చిన్నవి పలుకులు. కంట్లో పడితే తప్ప ఉన్నట్టు తెలియనంత చిన్నది నలుసు. కడుపులో బిడ్డ పడిందని చెప్పడానికి కూడా మా అవ్వ "నలుసు పడింది" అనేది. కంటికి ఆననంత చిన్నది అని దాని అర్థం. పెంకును వంగి ఏరుకోవచ్చు. నలుసును అలా ఏరలేం.

కారు పక్క అద్దం ఎందుకు అన్ని నలుసులవుతుంది? అది టెంపర్డ్ గాజు కాబట్టి. ఆ గాజును 600 డిగ్రీల పైన వేడి చేసి, ఒక్కసారిగా చల్లగాలి కొట్టి ఆరబెడతారు. పైపొర ముందు గట్టిపడుతుంది, లోపలి భాగం తర్వాత చల్లారుతూ దాన్ని లోపలికి లాగుతుంది. అలా ఆ అద్దం ఎప్పుడూ ఒక బిగువులో ఉంటుంది. మామూలు దెబ్బకు చలించదు. కానీ పైపొరకు ఒక్కచోట గాటు పడిందా, ఆ బిగువంతా ఒకేసారి వదులుతుంది. అద్దం మొత్తం పటికబెల్లం పలుకుల్లా రాలిపోతుంది. కత్తిలాంటి పెద్ద పెంకులు మనుషుల మీద పడకూడదనే అలా తయారు చేస్తారు. ముందు అద్దం వేరు. అది రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది. పగిలినా సాలెగూడులా అక్కడే నిలబడుతుంది. మీ కారు అద్దాల కింది మూల చూడండి, ఏది ఏ రకమో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

పటికబెల్లం పలుకులు గుచ్చుకోవు కదా, ఇంత భయం దేనికి అని మీరు అడగవచ్చు. పలుకుల అంచులు కొంచెం మొద్దుగానే ఉంటాయి, నిజమే. కానీ వాటి మధ్య సన్నని చీలికలు కూడా ఉంటాయి. సీటు కింద పడ్డ పలుకును సీటు పట్టా నలిపిందంటే కొత్త చీలికలు పుడతాయి. నాకైతే అరికాల్లో గుచ్చుకుంటే "అబ్బా" అని తీసి పారేస్తాను. మా అమ్మ అలా అనలేదు.

అమ్మకు ఎనభై రెండేళ్లు. చక్కెర జబ్బు ముప్ఫై ఏళ్లుగా ఉంది. మనవాళ్ల ఇళ్లలో ఇది లేని ఇల్లు వెతకాలి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ జబ్బు నరాలను తింటుంది. మొదట పోయేది పాదాల స్పర్శ. గుచ్చుకున్నా తెలియదు, కాలినా తెలియదు. పుండు పడి చీము పట్టాక చూస్తే గాని తెలియదు. అది ఎక్కడికి దారి తీస్తుందో మీకు చెప్పనక్కరలేదు. వేలు పోయినవాళ్లు, కాలు పోయినవాళ్లు మీ చుట్టాల్లోనే ఉంటారు.

డాక్టరు ఎప్పుడూ చెప్పేది ఒకటే: వట్టి కాళ్లతో నడవకండి, ఇంట్లో కూడా. అమ్మ ఇంట్లో చెప్పులు వేసుకుంటుంది. ఆసుపత్రిలో వేసుకుంటుంది. కారు ఎక్కగానే మాత్రం విప్పేస్తుంది. కారణం డాష్‌బోర్డు మీద కూర్చున్న చిన్న వినాయకుడు.

"చెప్పులు వేసుకునే ఉండమ్మా, కారులో గాజు ఉంది" అన్నాను.

"దేవుడి ముందు చెప్పులేమిటే? నీకు ఇదేనా నేర్పింది?"

"అయితే దేవుణ్ణి తీసి ఇంట్లో పెడతాను."

"ఆయన్ని తీస్తే ఈసారి కారే పోతుంది" అంది.

అక్కడితో ఆ మాట ఆగిపోయింది. అమ్మ మనసు మారదు. మారాల్సింది కారే. అద్దాల కంపెనీ దృష్టిలో శుభ్రం అంటే కంటికి ఏమీ కనిపించకపోవడం. మా ఇంట్లో శుభ్రం అంటే స్పర్శ లేని పాదం చెప్పు లేకుండా ఆ మ్యాటు మీద ఆనడం. ఈ రెండింటి మధ్య దూరమే ఆ ఏడు వారాలు.

మొదటి రోజు ఏం చేశామో చెబుతాను, మీకు పనికొస్తుంది. చీపురు గాని, బ్రష్షు గాని ముందు ముట్టుకోవద్దు. ఊడిస్తే నలుసులు కార్పెట్టు పోగుల్లోకి ఇంకా లోతుగా దిగుతాయి. మందపాటి తోట గ్లవుజులు, గట్టి బూట్లు వేసుకోండి. మ్యాట్లను గడ్డి మీద దులపకండి, అక్కడ పిల్లలు ఆడతారు. సిమెంటు నేల మీద పాత వార్తాపత్రికలు పరిచి వాటి మీద దులపండి. తర్వాత సన్నని ముక్కు ఉన్న వాక్యూమ్. సీటును పూర్తిగా ముందుకు జరిపి వెనక పీల్చండి, పూర్తిగా వెనక్కి జరిపి ముందు పీల్చండి. సీటు జరిగే ఇనప పట్టాల్లోనే ఎక్కువ దాక్కుంటాయి. సీటు కుట్లు వేళ్లతో తడమకండి, వాక్యూమ్ ముక్కుతో విడదీయండి. సీటు బెల్టును చివరిదాకా లాగి దులపండి. బెల్టు తగిలించే గూట్లో టార్చి వేసి చూడండి, అందులో పలుకు ఉంటే బెల్టు సరిగా పట్టదు. పిల్లల సీటు ఉంటే దాని బట్ట విప్పి, తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ఏం రాశారో చదవండి. ఏసీ గాలి మొదటిసారి వదిలేటప్పుడు తలుపులన్నీ తీసి, మీరు బయట నిలబడండి. గొట్టాల్లో పడ్డది మొహం మీదికి ఎగరకూడదు.

వాక్యూమ్ పీల్చలేని నలుసులకు మా ఇంటి మందు చపాతీ పిండి. కొంచెం గట్టిగా కలిపి, ముద్ద చేసి, కార్పెట్టు మీద అద్దండి. రుద్దవద్దు, అద్దాలి. గాజు ధూళి పిండికి అంటుకుంటుంది. కొందరు బ్రెడ్డు ముక్కతో చేస్తారు, అదీ మంచిదే. వెడల్పు ప్యాకింగ్ టేపు కూడా పనికొస్తుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఆ పిండి ముద్దను పెరట్లో పడేయకండి. మన ఊరి గోరింకలు పిండి కనిపిస్తే ఊరుకోవు. కుక్క ఉంటే అసలే వద్దు. డబ్బాలో పెట్టి మూత బిగించండి.

ఇంత చేశాక కూడా తలుపు వేసినప్పుడల్లా గలగలమని చప్పుడు. మా వీధి చివర ఒక బాబాయ్ ఉన్నారు. నలభై ఏళ్లు ప్యానెల్ బీటరు పని చేసి మానేశారు. ఆయన కారు చూడనే లేదు. కళ్లు మూసుకుని తలుపు ఒకసారి వేయించుకుని విన్నారు.

"సగం అద్దం ఇందులోనే ఉందమ్మా" అన్నారు.

అద్దం దించినప్పుడు అది తలుపు కడుపులోకే కదా వెళ్తుంది. పగిలినప్పుడూ చాలా ముక్కలు అక్కడికే పడతాయి. బాబాయ్ స్క్రూలు తీసి, తలుపు లోపలి అట్టను ప్లాస్టిక్ పలకతో మెల్లగా లేపారు. క్లిప్పులు టపటపమని ఊడాయి. లోపల అతికించిన ప్లాస్టిక్ షీటును చించకుండా ఒలిచారు. అది చిరిగితే వాన నీళ్లు కారులోకి వస్తాయట. టార్చి వేసి చూపించారు. తలుపు అడుగున రెండు గుప్పిళ్ల గాజు. "ఇక్కడ చూడు" అని అడుగు అంచున ఉన్న చిన్న చిల్లులు చూపించారు. ప్రతి కారు తలుపుకూ అవి ఉంటాయి. వానలో అద్దం పక్కనుంచి దిగే నీళ్లు వాటిలోంచి బయటికి పోవాలి. గాజు పలుకులు ఆ చిల్లుల్లో ఇరుక్కుంటే నీళ్లు నిలుస్తాయి. మన సముద్రపు గాలికి ఇనుము తుప్పు పట్టడానికి ఎంతసేపు? బాబాయ్ ఒక తీగతో చిల్లులన్నీ పొడిచి, మగ్గుతో నీళ్లు పోసి, కింద నుంచి ధారగా కారేదాకా చూశారు. అద్దం పైకీ కిందికీ జారే రబ్బరు పట్టీల్లోంచి కూడా నాలుగు పలుకులు తీశారు. అవి అక్కడే ఉంటే కొత్త అద్దం మీద గీతలు పడేవి. మీకు ఇలాంటి బాబాయ్ లేకపోతే, అద్దం వేయడానికి వచ్చిన మనిషినే అడగండి: "తలుపు లోపల కూడా తీశారా? చూపిస్తారా?" సంతకం పెట్టే ముందు అడగండి.

డబ్బు తీసుకోమంటే బాబాయ్ తీసుకోలేదు. పులిహోర చేసి పంపమన్నారు. దొంగ తిన్నది మాకెందుకు దొరకదు అన్నారు.

ఈలోగా అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టాం, కుడివైపు. పగిలిన అద్దానికి అది బాగా దూరం. రెండో వారం ఒక రాత్రి నేను అమ్మ పాదాలు చూస్తున్నాను. ఇది రోజూ చేసే పనే. పడుకునే ముందు వేళ్ల సందులు, మడమలు, అరికాళ్లు చూసి నూనె రాస్తాను. ఎడమ మడమ దగ్గర ఏదో మెరిసింది. చమట చుక్క అనుకున్నాను. గోరుతో తాకితే గట్టిగా ఉంది. నువ్వుగింజ కన్నా చిన్న నలుసు. చర్మం చీల్చలేదు, పొట్టుకు అంటుకుని ఉంది అంతే. పట్టకారుతో తీశాను.

"ఏమే, ఏం చేస్తున్నావు?" అంది అమ్మ. ఆమెకు నేను తాకిందే తెలియలేదు.

దెబ్బ కొట్టినప్పుడు పలుకులు ఎంత దూరం ఎగురుతాయో ఆ రాత్రి తెలిసింది. నా చేతులు కాసేపు వణికాయి. అమ్మ మాత్రం ఆ నలుసును అరచేతిలో పెట్టుకుని దీపానికి ఎదురుగా తిప్పి చూసింది.

"దీపం కింద పెట్టి వెతికారా?" అని అడిగింది.

"అంటే?"

అప్పుడు వాళ్ల నాయనమ్మ సంగతి చెప్పింది. మీ ఇళ్లలోనూ ఇలాంటి నాయనమ్మలు ఉండే ఉంటారు. ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. మధ్యలో కొన్నేళ్లు ఆగినా, 1911 వరకు అలాంటి ఓడలు వచ్చాయి. వాటిలో ఒకదానిలో చిన్నపిల్లగా ఆమె వచ్చింది. పెద్దయ్యాక చెరకు తోటలో పని. చెరకు నరికాక నేలలో మోళ్లు మిగులుతాయి, కత్తిలా ఏటవాలుగా. చెప్పులు లేని కాళ్లకు అవే శత్రువులు. రాత్రి ఇంటికి వచ్చాక ఆమె పిల్లలందరినీ వరుసగా కూర్చోబెట్టి, దీపం నేల మీద పెట్టి, పాదాలు చూసేదట. దీపం పైన పట్టుకుంటే ముల్లు కనబడదు. పక్కనుంచి, నేలకు ఆనించి పెడితే ముల్లుకు నీడ పడుతుంది. ఆ నీడను చూసి తీయాలి. ఇంట్లో గాజు పగిలినా అంతే. అయితే "పగిలింది" అనే మాట ఆమె నోట వచ్చేది కాదు. "గాజు పెరిగింది" అనేది. దీపం ఆరిపోతే "కొండెక్కింది" అన్నట్టు. చెడ్డ మాటను మంచి మాటతో కప్పడం అది. గాజు పెరిగినప్పుడూ దీపాన్ని నేలకు దించి వెతికేది.

ఆ రాత్రే మా అబ్బాయి టార్చి పట్టుకుని కారు దగ్గరికి వెళ్లాడు. కారులోని దీపాలు ఆర్పి, టార్చిని కార్పెట్టుకు ఆనించి పక్కకు వెలిగించాడు. శుభ్రమని సంతకం పెట్టిన కారు, పిండితో అద్దిన కారు, ఆకాశంలా మెరిసింది. నేను పిలిస్తే అమ్మ కూడా గుమ్మం దగ్గరికి వచ్చి చూసింది. "చూశావా" అన్నట్టు తల ఊపి లోపలికి వెళ్లిపోయింది.

అప్పటినుంచి మాకు ఒక పద్ధతి దొరికింది. వారానికి రెండు రాత్రులు టార్చి, వాక్యూమ్, పిండి. శనివారం పరీక్ష. మా అబ్బాయి కొత్త తెల్ల సాక్సులు వేసుకుని అమ్మ సీట్లో కూర్చుని, మ్యాటు మీదా చుట్టూ పాదాలు మెల్లగా అద్దుతాడు. తర్వాత వెనక సీట్లో. సాక్సులు జాగ్రత్తగా విప్పి, నల్ల గుడ్డ మీద దులిపి, టార్చి పక్కనుంచి వేసి లెక్కపెడతాం. మూడో వారం పదకొండు. నాలుగో వారం ఐదు. ఐదో వారం ఆరు, ఎందుకంటే ఎండకి సీటు వేడెక్కి కుట్లలోంచి కొన్ని బయటపడ్డాయని బాబాయ్ అన్నారు. నిజమో కాదో గాని ఆ ఆరూ సీటు అంచునే దొరికాయి. ఆరో వారం ఒకటి. ఏడో వారం ఏమీ లేదు. ఎనిమిదో వారం కూడా చూశాం. ఏమీ లేదు.

అమ్మతో ఒక రాజీ కూడా కుదిరింది. చెప్పులు వద్దు సరే, మందపాటి తెల్ల నూలు సాక్సులు. సాక్సు తోలు కాదు కాబట్టి వినాయకుడికి అభ్యంతరం లేదని అమ్మే తీర్పు చెప్పింది. మీ ఇంట్లో కూడా పాదాల స్పర్శ తగ్గినవాళ్లు ఉంటే ఈ ఉపాయం చూడండి. తెల్లవే కొనండి. నెత్తురు చుక్క పడినా, గాజు మెరిసినా తెలుపు మీదే కనిపిస్తుంది.

అద్దాలకు లోపలివైపు పారదర్శకమైన ఫిల్మ్ కూడా వేయించాం. దెబ్బ పడితే గాజు పగులుతుంది, కాని పలుకులు ఫిల్మ్‌కు అంటుకుని చాలావరకు ఒకే గుడ్డలా నిలుస్తాయి. దొంగకు ఆలస్యం, మనకు శుభ్రం చేసే పని తక్కువ. వేయించాక కొన్ని రోజులు అద్దం దించవద్దని చెబుతారు, వినండి.

చివరికి ఆ గాజు. డబ్బాలు, టేపులు, పిండి ముద్దలు అన్నీ కలిపి చెప్పుల పెట్టెడు అయింది. సీసాలు వేసే పెట్టెలో వేయబోతే బాబాయ్ వద్దన్నారు. కారు గాజును సీసాల గాజుతో కలపరు. చెత్తతోనే పంపాలి. కానీ మన వీధిలో చెత్త లారీ వచ్చినప్పుడు ఆ అబ్బాయిలు నల్ల సంచులను చేతులతో ఎత్తి విసురుతారు, పరుగెడుతూ. వాళ్ల అరచేతులకూ ఒక అమ్మ ఉంటుంది కదా. అందుకని గాజును మందపాటి కాగితాల్లో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ టేపు వేశాం. మా అబ్బాయి పెట్టె మీద ఇంగ్లీషులో గ్లాస్ అని రాశాడు. కింద జులూలో ఇంగిలాజి అని రాశాడు.

అమ్మ పెన్ను అడిగి తీసుకుంది. వాళ్ల నాయన నేర్పిన అక్షరాలు ఆమెకు కొన్ని ఇంకా గుర్తున్నాయి. వంగి, మెల్లగా, పెద్ద అక్షరాలతో "గాజు" అని రాసింది. జ కొమ్ము కొంచెం వంకరగా వచ్చింది. లారీ అబ్బాయికి తెలుగు రాదమ్మా అన్నాను. "నీకు వస్తుంది కదా, చూసి దూరంగా నడు" అంది.

మంగళవారం పొద్దున లారీ వచ్చింది. ఆ అబ్బాయి సంచులన్నీ విసిరి, పెట్టె దగ్గర ఆగాడు. చదివాడు. రెండు చేతులతో అడుగున పట్టుకుని ఎత్తి, లారీలో ఒక మూలగా పెట్టాడు.